డాలస్ నుంచి అల్బుకర్కీ, చాండ్లర్, గ్రాండ్ కాన్యన్: తొమ్మిది రోజుల్లో చుట్టాలూ తిరుగుడూ రెండూ కుదురుతాయా?

ఫ్రిస్కో కోడలు:
మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పెళ్ళయి ఏడాది దాటింది, ఇద్దరికీ ఒకేసారి ఇన్ని రోజులు సెలవు దొరకడం ఇదే మొదలు. మార్చి 14 శనివారం బయల్దేరి 22 ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. మా అక్కావాళ్ళది అరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్, అమ్మా నాన్నా ప్రొద్దుటూరు నుంచి వచ్చి వాళ్ళ దగ్గరే ఉన్నారు. ఉగాది 19 గురువారం కాబట్టి ఆ రోజు అక్కడ ఉండాల్సిందే, అందులో బేరం లేదు. ఇంకోవైపు మా ఆయన వాళ్ళ బాబాయి, పిన్ని న్యూ మెక్సికోలోని అల్బుకర్కీలో ఉంటారు, మా పెళ్ళికి రాలేకపోయారు. కోడల్ని ఇంకా చూపించలేదని ఫోన్ చేసినప్పుడల్లా అంటారు, ఈసారి కనీసం మూడు రోజులు ఉండి తీరాలట.

ఈ మధ్యలో గ్రాండ్ కాన్యన్, యాంటిలోప్ కాన్యన్, సెడోనా, వైట్ శాండ్స్, మాన్యుమెంట్ వ్యాలీ అని మా ఆయన పెద్ద లిస్టే రాశాడు. కారులో వెళ్ళాలా, ఫ్లైటా? అమ్మానాన్నలకి కాన్యన్ చూపించాలని నా కోరిక. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి బీపీ. పైగా నాన్న "మన గండికోట కంటే గొప్పదా ఏంది, దానికోసం అంత దూరమా" అంటున్నారు. ఇలా పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

ఐ-40 బాటసారి:
ముందు మ్యాప్ తీయండి. ఫ్రిస్కో నుంచి అమరిల్లో మీదుగా అల్బుకర్కీ దాదాపు 650 మైళ్ళు, అంటే ఒక రోజు పోయినట్టే. అక్కడి నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ 325, మళ్ళీ కిందికి చాండ్లర్ ఇంకో 160. తిరిగొచ్చేటప్పుడు ఫీనిక్స్ నుంచి డాలస్ వెయ్యి మైళ్ళు దాటుతుంది, దారిలో ఎక్కడో పడుకోవాల్సిందే. మీ తొమ్మిది రోజుల్లో నాలుగు స్టీరింగ్ పట్టుకునే గడిచిపోతాయి. నేనైతే శనివారం ఫ్లైట్‌లో అల్బుకర్కీ దిగి, అక్కడ కారు అద్దెకి తీసుకుని, ఫీనిక్స్‌లో వదిలేసి ఫ్లైట్ ఎక్కుతాను. వేరే ఊళ్ళో వదిలినందుకు అదనంగా వసూలు చేస్తారు, కానీ మోటెల్ ఖర్చూ పెట్రోలూ కలుపుకుంటే పెద్ద తేడా రాదు.

ఐ-40 హైవే మీద ఆ అల్బుకర్కీ–ఫ్లాగ్‌స్టాఫ్ ముక్క మాత్రం పగలు నడపండి. హోల్‌బ్రుక్ ముందు పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్ వస్తుంది, ఇరవై కోట్ల ఏళ్ళు దాటిన చెట్ల మానులు రాయిగా మారి నేలమీద పడి ఉంటాయి, పార్కు లోపల రోడ్డే 28 మైళ్ళు. కొంచెం ముందుకెళ్తే విన్స్లో దాటాక మెటియోర్ క్రేటర్, ఉల్క పడి ఏర్పడ్డ గొయ్యి. రెండిట్లో ఒకటే చూడండి, నా ఓటు రాయి చెట్లకే. వైట్ శాండ్స్ న్యూ మెక్సికో దక్షిణాన ఉంది, మీ దారికి సంబంధమే లేదు, కొట్టేయండి. మాన్యుమెంట్ వ్యాలీ కూడా ఇంకోసారికి. మీ ఆయనకి కోపమొస్తే నా పేరు చెప్పండి.

చాండ్లర్ బావ:
మా ఇంటికొచ్చిన అత్తామామల్నీ, అమ్మానాన్నల్నీ, వాళ్ళ స్నేహితుల్నీ కూడా గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, అదే సౌత్ రిమ్‌కి తిప్పినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

చాండ్లర్ నుంచి సౌత్ రిమ్ నాలుగు గంటలు. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేద్దాం అని మీ అక్కగారి భర్త అనొచ్చు, ఒప్పుకోవద్దు. పెద్దవాళ్ళకి ఎనిమిది గంటలు కారులో కూర్చోవడం కష్టం, సూర్యాస్తమయం చూడకుండా తిరిగిరావడం ఇంకా అన్యాయం. శుక్రవారం పొద్దున బయల్దేరి టుసయాన్‌లోనో విలియమ్స్‌లోనో పడుకోండి. స్ప్రింగ్ బ్రేక్, అంటే బడి సెలవుల రోజులు, రూములు ఇవాళే బుక్ చేయండి. రిమ్ దగ్గర ఎత్తు 7,000 అడుగులు. ఫీనిక్స్‌లో చొక్కా చెమటకి తడుస్తున్నా అక్కడ మార్చిలో రాత్రిళ్ళు గడ్డకట్టే చలి ఉంటుంది, మూలల్లో మంచు కూడా ఉండొచ్చు. ప్రొద్దుటూరు ప్రాణాలకి స్వెటర్, మంకీ క్యాప్ రెండూ కావాలి. ఆ ఎత్తులో గబగబా నడిస్తే ఆయాసం వస్తుంది, నాన్నగారిని నెమ్మదిగా నడవమనండి, నీళ్ళు తాగిస్తూ ఉండండి, బీపీ మాత్రలు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.

అమ్మగారు కిందికి దిగాల్సిన పనే లేదు. మేదర్ పాయింట్ నుంచి యావపై పాయింట్ దాకా అంచు వెంబడి చదునైన సిమెంటు బాట. హెర్మిట్ రోడ్డులోకి మార్చి 1 నుంచి నవంబర్ చివరిదాకా సొంత కార్లు రానివ్వరు, ఉచిత షటిల్ బస్సు ఉంటుంది, ఎక్కి కూర్చుంటే ఒక్కో వ్యూపాయింట్ దగ్గర ఆపుతుంది. మర్నాడు డెజర్ట్ వ్యూ వైపు మీ కారులోనే వెళ్ళొచ్చు, అక్కడ 1932లో మేరీ కోల్టర్ అనే ఆవిడ కట్టించిన రాతి బురుజు ఉంది, నాన్నగారికి కోటలంటే ఇష్టమైతే అది నచ్చుతుంది. గండికోట సంగతి అంటారా, పెన్న లోయ లోతు మూడొందల అడుగులు, ఇది సుమారు మైలు లోతు, 277 మైళ్ళ పొడవు. అయినా వాదించకండి, అంచు దగ్గర నిలబెట్టి ఊరుకోండి.

డబ్బు విషయం ఒకటి. 2026 జనవరి నుంచి గ్రాండ్ కాన్యన్ సహా 11 పార్కుల్లో అమెరికాలో నివసించనివాళ్ళకి మనిషికి అదనంగా 100 డాలర్లు పెట్టారు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులూ అందులోకే వస్తారు. కారుకి మామూలు 35 ఉండనే ఉంది. వాళ్ళకి విడిగా ఏడాది పాస్ 250 డాలర్లకి ఉంది, జైయాన్, బ్రైస్ పార్కులు కూడా చూపించే ఆలోచన ఉంటేనే అది లాభం. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్లో ఒకసారి చూసుకోండి. ఈ ఫీజు నాన్నగారికి ముందే చెప్పారనుకోండి, అసలు కారే ఎక్కరు!

పచ్చిమిర్చి ప్రేమికుడు:
అల్బుకర్కీలో చాలా ఏళ్ళు ఉన్నాను. అక్కడికి శనివారం మధ్యాహ్నానికి చేరి మంగళవారం పొద్దున బయల్దేరితే మూడు రాత్రులు అయినట్టే కదా, మాట దక్కుతుంది. మీరిద్దరే తిరగకుండా బాబాయిగార్ని, పిన్నిగార్ని వెంటేసుకుని వెళ్ళండి, అక్కడ ఉండేవాళ్ళు చుట్టాలు వస్తేనే సొంత ఊరు చూస్తారు. శాండియా పీక్ ట్రామ్ (కేబుల్ కారు) ఎక్కితే పదివేల అడుగుల పైకి తీసుకెళ్తుంది, గాలి ఎక్కువుంటే ఆపేస్తారు, ముందే ఫోన్ చేసుకోండి. శాంటా ఫే గంట దూరం. హోటల్లో "రెడ్ ఆర్ గ్రీన్" అని అడుగుతారు, మిరపకాయ సాస్ ఎర్రదా పచ్చదా అని, "క్రిస్మస్" అంటే రెండూ వేస్తారు. మన కారానికి అలవాటుపడ్డ నాలుకకి ఆ రాష్ట్రంలో ఆకలి బాధ ఉండదు.

ఇంకో మాట, వాళ్ళనే ఉగాదికి చాండ్లర్ రమ్మనొచ్చుగా? కారులో ఏడు గంటలు. మీ రెండువైపుల పెద్దలూ ఒక పూట కలిసి భోంచేస్తే, ఎవరింట్లో ఎన్ని రోజులున్నారన్న లెక్క ఎవరూ వేయరు.

ఎర్రమట్టి:
యాంటిలోప్‌కి మీరిద్దరే వెళ్ళండి. అది నవాహో అనే ఆదివాసీ తెగవాళ్ళ నేల, గైడ్ లేకుండా లోపలికి పోనివ్వరు, నేషనల్ పార్క్ పాసులు చెల్లవు, టూర్ ముందే బుక్ చేసుకోవాలి. అందులో రెండు భాగాలు, లోయర్‌లో నిటారు ఇనప మెట్లు ఉంటాయి, అప్పర్ చదునుగా ఉంటుంది. అసలు తలనొప్పి టైమ్. వేసవి కోసం అరిజోనా గడియారం గంట ముందుకి మార్చదు, నవాహో నేషన్ (వాళ్ళ ప్రాంతం) మారుస్తుంది, అందుకని మార్చి 8 తర్వాత కామెరన్ ఊరు దాటగానే ఫోన్ గంట ముందుకి దూకుతుంది. యాంటిలోప్ పక్కనున్న పేజ్ ఊరు మళ్ళీ ఫీనిక్స్ టైమే. ఫోన్‌ని నమ్మకుండా చేతి గడియారం పెట్టుకోండి.

లాంగ్ డ్రైవ్ రెడ్డి:
అందరూ ఫ్లైట్ అంటున్నారు, నేను ఒప్పుకోను బ్రో, కానీ సరే. ఒకవేళ కారులోనే ఐ-10 హైవే మీద తిరిగొస్తే రెండు గుర్తుపెట్టుకోండి. లార్డ్స్‌బర్గ్ దగ్గర వసంతకాలం గాలులకి దుమ్ము లేస్తే ముందున్న కారు కూడా కనపడదు, రోడ్డు పూర్తిగా దిగి ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేక్ మీంచి కాలు తీసేయాలి. లైట్లు వెలిగుంటే వెనకవాడు అదే రోడ్డనుకుని వచ్చి గుద్దుతాడు. రెండోది, ఎల్ పాసో దాటాక సియెరా బ్లాంకా దగ్గర బోర్డర్ పాట్రోల్ (సరిహద్దు గస్తీ) తనిఖీ ఉంటుంది. పాస్‌పోర్టూ ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) కాగితమూ డిక్కీలో కాకుండా చేతికందేలా ఉండాలి.

ఫ్రిస్కో కోడలు:
అందరికీ థాంక్స్. ఫ్లైటే ఖాయం చేశాం. అల్బుకర్కీలో మూడు రాత్రులు, మంగళవారం రాయి చెట్లు చూసుకుంటూ చాండ్లర్, ఉగాది అయ్యాక శుక్రవారం అందరం కాన్యన్. శనివారం డెజర్ట్ వ్యూ చూశాక అక్కావాళ్ళు అమ్మానాన్నల్ని వాళ్ళ కారులో తీసుకెళ్ళిపోతారు, మేమిద్దరం పేజ్ వెళ్ళి ఆదివారం పొద్దున టూర్ చూసుకుని సాయంత్రం ఫీనిక్స్‌లో ఫ్లైట్ ఎక్కుతాం. సెడోనా పోయింది, మా ఆయన ఇంకా అలకలోనే ఉన్నాడు. పిన్నిగారు చాండ్లర్ రావడానికి వెంటనే ఒప్పుకున్నారు, బాబాయిగారి సెలవే తేలాలి. ఫీజు సంగతి నాన్నకి చెప్పలేదు, అక్క కార్డు మీద పోతుంది. పేజ్‌లో శనివారం రాత్రి తినడానికి వెజ్ ఏదైనా దొరుకుతుందా, లేక అక్క దగ్గర పులిహోర కట్టించుకుని వెళ్ళాలా?