చర్చ: లారీ క్యాబిన్‌లో ఫ్యాన్లకీ ఫాగ్ లైట్లకీ విడిగా ఫ్యూజు బాక్సు పెట్టించినవాళ్లు ఉన్నారా?

కాకినాడ_పన్నెండు_టైర్లు
అందరికీ నమస్కారం. మాది 12 టైర్ల బండి, 2018 మోడల్. నేనే ఓనరు, నేనే డ్రైవరు. మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకి బియ్యం తోలుతుంటాను.

పోయిన వారం కోదాడ దాటాక రాత్రి ఒంటిగంటప్పుడు పార్కింగ్ లైట్లు, డాష్‌బోర్డు, ఫ్యాను అన్నీ ఒక్కసారే పోయాయి. పక్కకి తీసి ఫ్యూజు బాక్సు మూత విప్పితే కాలిన ప్లాస్టిక్ వాసన. ఫ్యూజు మాత్రం పోలేదు. పోదు కూడా. ఎప్పుడో ఎవరో దాని రెండు కాళ్లకీ రాగి పోగులు చుట్టి పెట్టారు. కింద ఫ్యూజు కూర్చునే గూడు మొత్తం కరిగిపోయింది.

తప్పు నాదే. నాలుగేళ్లుగా ఏది కొన్నా ఆ పార్కింగ్ లైట్ల వైరుకే కలిపిస్తూ వచ్చాను. ముందు రెండు ఫాగ్ లైట్లు, వెనక లోడింగ్ లైట్లు రెండు, ఫ్యాన్లు రెండు, మొబైల్ చార్జర్లు, డ్యాష్ క్యామ్. పాటల సిస్టమ్ కూడా ఉంది, దాని వైరు మాత్రం వేరే. ఈమధ్య టీ పెట్టుకోవడానికి 24 వోల్టుల కెటిల్ ఒకటి కొన్నాను, అదింకా కలపలేదు. అన్నిటికీ కలిపి విడిగా ఒక ఫ్యూజు బాక్సు పెట్టించాలని ఉంది. చేయించినవాళ్లు ఎలా చేశారో చెప్పండి.

బొలెరో_తమ్ముడు
అన్నా, ఫ్యూజు బాక్సు ఆన్‌లైన్లో 6 దారులది, 12 దారులది దొరుకుతుంది. నా పికప్‌లో 6 దారులది పెట్టాను, గంట పని. పాటల సిస్టమ్‌కి 12 వోల్టులు కావాలి కదా, మీకు రెండు బ్యాటరీలు ఉంటాయి, ఒకదాని మీంచి వైరు లాగితే సరి. 24 వోల్టుల్ని 12 చేసే కన్వర్టర్ ఖర్చు దండగ.

ఆటోనగర్_వైరింగ్
బొలెరో తమ్ముడూ, నీ బండి 12 వోల్టులది కాబట్టి నీకు ఆ బాధ తెలియదు. దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకు. విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. నా దగ్గరికి బ్యాటరీ పోయిందని వచ్చే లారీల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క వైరే.

పెద్ద బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కి కలిపి, 24 వోల్టులు వచ్చేలా ఉంటాయి. డైనమో ఆ రెంటినీ కలిపి ఒకే బ్యాటరీ అనుకుని 28 వోల్టులు ఇస్తుంది. మధ్యలోంచి ఒకదాన్నే వాడుకుంటే ఆ ఒక్కటే ఖాళీ అవుతుంటుంది, రెండోది నిండుగా ఉంటుంది. డైనమోకి ఆ తేడా తెలియదు. మొన్న ఒక బండిలో ఇంజన్ నడుస్తుండగా మీటర్ పెట్టి చూశాను. పాటల సిస్టమ్ తగిలించిన బ్యాటరీ మీద 12.9, రెండోదాని మీద 15.2. కలిపితే 28.1, అంటే డైనమో తప్పేం లేదు. ఒక బ్యాటరీ ఆకలితో చస్తోంది, రెండోది ఉడికి నీళ్లు ఆవిరైపోతోంది. ఏడాది తిరక్కుండా రెండూ మార్చాలి. వాటి ధరతో కన్వర్టర్లు ఎన్ని వస్తాయో మీరే లెక్కేసుకోండి.

కాకినాడ అన్నగారూ, మీ సామాన్ల మీద వాట్లు ఎంతని ఉన్నాయో ముందు రాయండి. లోడు తెలియకుండా వైరు సైజు చెప్పేవాడి మాట నమ్మకండి.

కాకినాడ_పన్నెండు_టైర్లు
ఫాగ్ లైట్లు 70 వాట్లవి రెండు. లోడింగ్ లైట్లు 20 వాట్ల ఎల్‌ఈడీలు రెండు. ఫ్యాను ఒక్కోటీ 15. చార్జర్లు, క్యామ్ కలిపి 40 అనుకుందాం. కెటిల్ మీద 250 అని ఉంది. పాటల సిస్టమ్ వెనక 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంది, వాట్లు తెలియవు. పైన చెప్పిన పాపం నేనూ చేశానండీ, సిస్టమ్ ఒక బ్యాటరీ మీదే ఉంది. ఆ రెండో బ్యాటరీలో నెలకోసారి నీళ్లు ఎందుకు పోయాల్సి వస్తోందో ఇప్పుడర్థమైంది.

ఆటోనగర్_వైరింగ్
సిస్టమ్‌ని 120 వాట్లు అనుకోండి, కన్వర్టర్‌లో వేడికి పోయేదాంతో కలిపి 140. మొత్తం 640 వాట్లు. 24తో భాగిస్తే దాదాపు 27 ఆంపియర్లు. అన్నీ ఒకేసారి వేయరు, అయినా వేసినట్టే లెక్క కట్టాలి.

బ్యాటరీ నుంచి క్యాబిన్‌లో బాక్సు దాకా 10 ఎస్‌క్యూ (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి వైరు, ఆటోమొబైల్ వైరే. ఇంటి వైరింగ్ వైరు వద్దు, దాని లోపలి పోగులు లావు, బండి అదురుకి లోపలే తెగుతాయి. మెయిన్ ఫ్యూజు 40 ఆంపియర్లు. లోపల ఫాగ్ లైట్లకి 10, కన్వర్టర్‌కి 10, కెటిల్‌కి 15, మిగతా వాటికి తలా 5 సరిపోతాయి. ఫాగ్ లైట్లకీ కెటిల్‌కీ 2.5 ఎస్‌క్యూ వైరు లాగండి, మిగిలినవాటికి 1.5 చాలు.

ఫ్యూజు రంగులు గుర్తు పెట్టుకుంటే రాత్రి టార్చి వెలుగులో కూడా తేలిక. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఈ కాళ్ల ఫ్యూజులు 32 వోల్టుల దాకా పనికొస్తాయి కాబట్టి 24 బండికి వేరేవి వెతకక్కర్లేదు.

నల్లగొండ_ట్రైలర్
మెయిన్ ఫ్యూజు ఎక్కడ పెట్టాలో చెప్పలేదు అన్నా. నేను చెప్తా, ఎందుకంటే దానికి ఫీజు కట్టినోణ్ని నేను.

2021లో నా బండికి ఇట్లనే బాక్సు పెట్టించిన. నీట్‌గా పెట్టిండు, ప్రతి దారికీ ఫ్యూజు, మూత మీద స్టిక్కర్లు. మెయిన్ ఫ్యూజు కూడా ఉంది, కానీ అది క్యాబిన్ లోపల బాక్సు పక్కన. బ్యాటరీ పెట్టె నుంచి క్యాబిన్ దాకా నాలుగు మీటర్ల వైరు ఏ ఫ్యూజూ లేకుండా ఛాసిస్ వెంబడి పోయింది. ఛాసిస్‌లో ఒక రంధ్రంలోంచి దాటించిండు, రబ్బరు బుష్ వెయ్యలే. ఎనిమిది నెలలు రేకు అంచుకు రాసుకుంటా రాసుకుంటా తోలు పోయింది.

నార్కట్‌పల్లి దాటినంక వెనకొచ్చే బండాయన లైట్లు కొట్టి కొట్టి ఆపిండు. దిగి చూస్తే క్యాబిన్ కింద వైరు ఎర్రగా కాలుతుంది, నిప్పు కాదు, వైరే ఎర్రగా. దాని పక్కనే ఎయిర్ పైపులు, డీజిల్ పైపు. లోపల స్విచ్చులన్నీ బంద్ చేసిన, ఏం లాభం? షార్ట్ స్విచ్చుల కన్నా ముందల ఉంది. బ్యాటరీ పెట్టెకు తాళం, తాళం చెవి క్లీనర్ జేబుల, వాడు వెనక నిద్ర. వాణ్ని లేపి, తాళం తీసి, 13 నంబరు పానాతో మైనస్ విప్పేసరికి ఎయిర్ పైపు ఒకటి కరిగింది. ఇంకో రెండు నిమిషాలైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చెమటలే.

లోపలున్న 12 ఫ్యూజుల్లో ఒక్కటి కూడా పోలేదు. అన్నీ కొత్తగా మెరుస్తున్నయ్.

ఆటోనగర్_వైరింగ్
నల్లగొండ అన్న చెప్పింది ముందు నేనే చెప్పాల్సింది, పొరపాటైంది. చాలామంది ఫ్యూజు ఉన్నది ఫ్యానుని కాపాడ్డానికి అనుకుంటారు. కాదు, వైరుని కాపాడ్డానికి. అందుకే వైరు మొదలయ్యే చోటే ఉండాలి. ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలో, బ్యాటరీ పెట్టెలోనో దాని గోడకో, నీళ్లు చొరని హోల్డర్‌లో. ఆ జానెడు ముక్కకి కూడా ఫ్లెక్సిబుల్ పైపు తొడగాలి.

ఇంకోటి. టెర్మినల్ విప్పేటప్పుడు ముందు మైనస్. ప్లస్ ముందు విప్పితే పానా ఛాసిస్‌కి తగిలి అక్కడే మెరుపులు.

డాలస్_పికప్
మాది గుంటూరు, ఉండేది టెక్సాస్. ఇక్కడ పికప్‌ల వాళ్లకి ఇది వారాంతపు కాలక్షేపం. ఫోర్డ్ సూపర్ డ్యూటీ లాంటి వాటిలో అదనపు స్విచ్చుల వరస కంపెనీయే ఇస్తుంది, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చులు) ఫ్యూజులతో సహా, తీసుకుంటే. నాది పాతది కాబట్టి నేనే కట్టుకున్నాను. ఒక ప్రశ్న: మీ బాక్సుకి కరెంటు ఎప్పుడూ ఉంటుందా, తాళం తిప్పితేనే వస్తుందా? నేను మొదట నేరుగా ఇచ్చాను. ఒక లైటు మర్చిపోయి విమానం ఎక్కాను, పది రోజులకి తిరిగొస్తే ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో బండి శవం. తర్వాత తాళంతో పనిచేసే రిలే పెట్టుకున్నా, ఇక్కడ 40 ఆంపియర్లది ఒకటి సరిపోయింది.

ఆటోనగర్_వైరింగ్
సరైన ప్రశ్న. కానీ ఆ 40 మాకు కుదరదు. 12 వోల్టుల రిలే మీద 40 అని రాసుంటే, అదే సైజు 24 వోల్టుల రిలే మీద సాధారణంగా 20 అనే ఉంటుంది. వోల్టేజ్ పెరిగితే కాంటాక్ట్ విడిపోయేటప్పుడు నిప్పురవ్వ ఎక్కువసేపు సాగుతుంది, అందుకు. కాబట్టి కెటిల్‌కి ఒక రిలే, ఫాగ్ లైట్లకి ఒకటి, కన్వర్టర్‌కి ఒకటి విడివిడిగా పెట్టండి. ఫ్యాన్లు, చార్జర్లు నేరుగా ఇవ్వండి, బండి ఆపి పడుకున్నప్పుడే కదా ఫ్యాను కావాల్సింది.

రిలే కాళ్లు తెలియనివాళ్ల కోసం: 30కి బాక్సు నుంచి వచ్చే ప్లస్, 87 నుంచి లైటుకి, 86కి స్విచ్చు నుంచి, 85 ఎర్త్, అంటే ఛాసిస్‌కి. మధ్యలో 87ఎ అని ఉంటే దాన్ని వదిలేయండి. అది స్విచ్చు వేయనప్పుడు కరెంటు ఇచ్చే కాలు, అక్కడ కలిపితే లైటు పగలంతా వెలుగుతుంది.

బొలెరో_తమ్ముడు
ఇందాకటి దానికి సారీ అన్నా. మా బాబాయ్ బండికి అలాగే చేసి ఇచ్చాను, ఇప్పుడెళ్లి తీసేయాలి. ఇంకో డౌటు, అదే బాక్సులో రైస్ కుక్కర్ కోసం ఇన్వర్టర్ కూడా కలపొచ్చా?

ఆటోనగర్_వైరింగ్
వద్దు. 1000 వాట్ల ఇన్వర్టర్ నిండా లోడు మీద 40 ఆంపియర్లు దాటి లాగుతుంది. దానికి బ్యాటరీ నుంచి విడి వైరు, విడి మెయిన్ ఫ్యూజు. అసలు ఇంజన్ ఆపి కుక్కర్ పెడితే పొద్దున సెల్ఫ్ కొట్టదు.

నల్లగొండ_ట్రైలర్
పెట్రోల్ ట్యాంకర్ తోలేటోళ్లు ఎవరన్నా ఇది చదువుతుంటే, ఇవేవీ మీకు కాదు. ట్యాంకర్ల వైరింగ్‌కి రూల్స్ వేరే, ఓనర్‌ని అడగకుండా ఒక్క వైరు ముట్టొద్దు. బీఎస్6 బండ్లోళ్లు కూడా ఇంజన్ కంప్యూటర్ వైర్లకీ, ఏబీఎస్ వైర్లకీ ఏదీ కలపొద్దు. మా బావమరిది డ్యాష్ క్యామ్ కోసం కలిపిండు, డాష్‌బోర్డు మీద క్రిస్మస్ చెట్టు లెక్క లైట్లు వెలిగినయ్.

కాకినాడ_పన్నెండు_టైర్లు
పది రోజులు రాలేదు, క్షమించండి. పని అయింది. మొత్తం 5,200 పడింది, అందులో కన్వర్టర్‌దే ఎక్కువ. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ పెట్టెలోనే, కొలిచి మరీ జానెడు. ఛాసిస్ దాటే రెండు చోట్లా రబ్బరు బుష్‌లు. ఎర్త్ కింద పెయింటు గీకించి, బోల్టు బిగించి, పైన వాజిలైన్ రాయించాను.

రెండు పొరపాట్లు జరిగాయి. మొదటిది, షాపులో 24 రిలే అడిగితే 12ది ఇచ్చాడు, నేను చూసుకోలేదు. ఫాగ్ లైట్లు వేసిన కాసేపటికి వాసన, ముట్టుకుంటే చెయ్యి కాలింది. లోపలి కాయిల్ మాడిపోయింది. డబ్బా ఒకేలా ఉంటుంది, మీద అంకె చదివి కొనండి.

రెండోది, మాది ముందుకి వంగే క్యాబిన్. వైరుని అందంగా, బిగువుగా కట్టేశాం. గ్రీజు పెట్టడానికి క్యాబిన్ లేపగానే లగ్గు (వైరు చివర బోల్టుకి బిగించే కొన) దగ్గర పటుక్కున ఊడొచ్చింది. అదృష్టం, ఊడింది బాక్సు వైపు, అది కూడా క్లీనర్ చూశాడు. ఇప్పుడు మడతబందు దగ్గర మూరెడు వైరు వదిలి చుట్టలా కట్టాం. లేపి, దించి, రెండుసార్లు చూసుకున్నాం.

బ్యాటరీలు ఇంజన్ నడుస్తుండగా కొలిస్తే 13.9, 14.2 చూపిస్తున్నాయి. కెటిల్ టీ బాగానే ఉంది. పాటల సిస్టమ్ మాత్రం కన్వర్టర్ మీదికి మార్చినప్పటి నుంచీ గరగరమంటోంది, అదొక్కటే చిరాకు.

డాలస్_పికప్
ఎఫ్‌ఎంలోనా, పెన్‌డ్రైవ్ పాటల్లో కూడానా? ఎఫ్‌ఎంలో మాత్రమే అయితే ఆ గోల ఏరియల్ నుంచి వస్తోంది, కన్వర్టర్‌ని ఏరియల్ వైరుకి దూరం జరపండి.

కాకినాడ_పన్నెండు_టైర్లు
ఇప్పుడే చూశాను. పెన్‌డ్రైవ్‌లో కూడా అంతే. యాక్సిలరేటర్ తొక్కితే సన్నగా ఈల కూడా.

ఆటోనగర్_వైరింగ్
అయితే ఎర్త్. సిస్టమ్ ఎర్త్ ఒక చోట, కన్వర్టర్ ఎర్త్ ఇంకో చోట ఇచ్చుంటారు. రెండూ ఒకే బోల్టుకి తెచ్చి చూడండి.

కాకినాడ_పన్నెండు_టైర్లు
నిజమే, సిస్టమ్‌ది డాష్‌బోర్డు స్క్రూకి ఉంది. ఆదివారం మిర్యాలగూడలో లోడింగ్ కోసం ఎలాగూ కాపలా పడి ఉండాలి, అప్పుడు మారుస్తా.