‘మీరు’ నుంచి ‘నువ్వు’కి: ప్రేమ నవలల్లో ఆ మలుపు ఎక్కడ?

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు, తెలుగు ప్రేమ నవలల్లో హీరో "నువ్వు" అంటుంటే హీరోయిన్ మాత్రం "మీరు" అనే ఎందుకంటుంది, వ్యాకరణంలో దీనికి ఏమైనా ఆధారం ఉందా అని. ఏమీ లేదండీ. వ్యాకరణం చెప్పేది ఏకవచనం, బహువచనం, గౌరవం కోసం ఒక్కరినే బహువచనంలో పిలవడం, అంతవరకే. ఎవరు ఎవరికి గౌరవం ఇవ్వాలో నిర్ణయిస్తున్నది నవలలు రాసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ప్రేమ నవలలు నేను దాచుకోకుండా చదువుతాను, ఇంగ్లిష్‌లో మనవాళ్లు రాసేవీ, ఫోన్లో భాగాలు భాగాలుగా వచ్చే తెలుగువీ. వీటిని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ లేదు, చదవకండి, సరిపోతుంది. చదివేవాళ్లతోనే నా మాట. పరిచయం లేని ఇద్దరు మెల్లగా దగ్గరవుతుంటే తెలుగులో అది ముందుగా బయటపడేది క్రియాపదం చివర. "వచ్చారా" కాస్తా ఏదో ఒక రోజు "వచ్చావా" అవుతుంది. ఆ రోజు ఎప్పుడు, ఎవరి నోట, పొరపాటునా కావాలనా అన్నది ఒక్క అధ్యాయం మొత్తం నడపగల విషయం.

ఇంగ్లిష్‌లో వచ్చే మన దేశపు నవలల్లో ‘యూ’ ఒక్కటే కాబట్టి ఈ గొడవే ఉండదంటారు. సగమే నిజం. చేతన్ భగత్ ‘2 స్టేట్స్’ (2009) చూడండి. అబ్బాయి పంజాబీ, అమ్మాయి తమిళం, కలిసింది అహ్మదాబాద్ ఐఐఎంలో. వాళ్లిద్దరూ మాట్లాడుకునేదే ఇంగ్లిష్ అయినప్పుడు ‘యూ’ వల్ల పోయేదేమీ లేదు. నవల నచ్చినా నచ్చకపోయినా ఈ విషయంలో వంక పెట్టలేం. అదే రచయిత 2014లో రాసిన ‘హాఫ్ గర్ల్‌ఫ్రెండ్’ దగ్గరికి వస్తే మాత్రం నాకు మింగుడుపడదు. హీరో మాధవ్ ఝా బీహార్‌లోని డుమ్రావ్ నుంచి ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీకి వస్తాడు, ఇంగ్లిష్ సరిగా రాదన్నదే అతని బాధ. ఆ బాధంతా మనకి ఇంగ్లిష్‌లోనే చెప్పుకుంటాడు! సరే, ఇంగ్లిష్ పాఠకుల కోసం రాసిన పుస్తకం, అదీ ఒప్పుకుందాం. కానీ బీహార్ వైపు హిందీలో చాలామంది ‘నేను’ అనడానికి కూడా ‘హమ్’ (మేము) అంటారు. ఎదుటివాళ్లని పిలవడానికి గౌరవం తగ్గే వరసలో ఆప్, తుమ్, తూ అని మూడు మెట్లున్నాయి. డబ్బున్న ఢిల్లీ అమ్మాయి ముందు ఆ కుర్రాడు తన ‘హమ్’ని దాచుకున్నాడా, ‘ఆప్’ ఎప్పుడు ‘తుమ్’ అయింది, ముందు ఎవరన్నారు? నాకైతే అసలు ప్రేమకథ అక్కడే ఉందనిపిస్తుంది. ఆ పుస్తకంలో దానికి చోటే లేదు.

మన తెలుగు రచయితలకి ఆ సాకు లేదు కదా. 2014లో మొదలైన ప్రతిలిపి లాంటి కథల యాప్‌లలో ఇప్పుడు రోజూ కుప్పలుగా వచ్చే సీరియల్స్‌లో ఎక్కువ ఒకే అచ్చు. హీరో కంపెనీకి సీఈఓ, హీరోయిన్ అదే ఆఫీసులో కొత్తగా చేరింది, ఒక అగ్రిమెంట్ పెళ్లి, 150 భాగాలు. (అగ్రిమెంట్ పెళ్లి మీద నాకు అభ్యంతరం లేదు, బాగా రాస్తే అర్ధరాత్రి దాకా నేనే చదువుతా.) మొదటి భాగంలో అతను "నువ్వు", ఆమె "మీరు". చివరి భాగంలో కవలలు పుట్టాక కూడా అతను "నువ్వు", ఆమె "మీరు". మధ్యలో అపార్థాలు, యాక్సిడెంట్, కుట్రలు పన్నే మేనత్త, గతం మర్చిపోవడం అన్నీ అయిపోయాయి గానీ క్రియాపదం మాత్రం ఇసుమంత కదల్లేదు. హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అయినా ఒకే వయసు వాళ్లు ఇలా మాట్లాడుకోవడం చూశారా?

ఇంకో రకం ఇంకా విడ్డూరం. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ "ఒరేయ్, పోరా" అని తిరిగిన పిల్ల, మూడు ముళ్లు పడిన మర్నాడు కాఫీ కప్పు పట్టుకొచ్చి "ఏమండీ, లేవండి" అంటుంది. ఎందుకు మారిందో, ఎవరు మార్చారో, ఆ అమ్మాయికి నోరు ఎలా తిరిగిందో ఒక్క ముక్క ఉండదు. అత్తగారి ముందు ‘మీరు’, తలుపేసుకున్నాక ‘నువ్వు’ అని నెట్టుకొస్తున్న స్నేహితురాళ్లు నాకు బోలెడంత మంది ఉన్నారు, మధ్యలో పొరపాటున హాల్లో నోరు జారితే ఆ రోజంతా టెన్షన్. దీన్నెవరూ రాయరేం?

అన్నిటికంటే రుచి ఈ రెంటికీ మధ్య రోజుల్లో ఉంటుంది. ‘మీరు’ అంటే మరీ ఎడంగా ఉంది, ‘నువ్వు’ అనడానికి ఇంకా ధైర్యం చాలదు. అప్పుడు మనవాళ్లు ఏం చేస్తారంటే కర్తనే ఎగరగొట్టేస్తారు. "భోజనం అయిందా?" "ఎప్పుడు రావడం?" "మళ్లీ కలిసేదెప్పుడు?" వీటిలో మీరూ లేదు, నువ్వూ లేదు. మెసేజిల్లో అయితే ఇంకా తేటగా కనిపిస్తుంది:

రీచ్ అయ్యారా?
ఆ, ఇప్పుడే. అక్కడ వాన తగ్గిందా?
తగ్గింది. తినడం అయిందా?
లేదు, వండుకోవాలి.
ఈ టైమ్‌లో వండుతావా? సారీ, వండుతారా?
మొదటిదే బాగుంది.

ఇది ఇప్పటికిప్పుడు నేను అల్లింది, గొప్పగా ఏమీ లేదు. అయినా దీన్ని ఇంగ్లిష్‌లో పెట్టి చూడండి, ఐదో వరసలో ఏమీ జరగదు.

ఇంకొకటి. ఎంత పల్లెటూరి హీరో అయినా చివరికి "ఐ లవ్ యూ" అనే అంటాడని, ఇంగ్లిష్ మోజని ఇక్కడ చాలాసార్లు తిట్టుకున్నాం. నా అనుమానం వేరు. "నిన్ను ప్రేమిస్తున్నాను" అంటే అడక్కుండా చనువు తీసుకున్నట్టుంటుంది, "మిమ్మల్ని ప్రేమిస్తున్నాను" అంటే ఎన్నికల సభలో జనాన్ని ఉద్దేశించినట్టుంటుంది. ‘యూ’ అనేస్తే ఆ తంటా తప్పుతుంది. ఆ అవసరం కోసమే అది తెలుగులో అంత గట్టిగా పాతుకుపోయిందేమో.

వ్యాఖ్య: అమ్మాయ్, ఫొటోలో చిన్నదానిలా ఉన్నావని నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ 1976లో సినిమాగా రాకముందే నవల చదివి అందులో హీరో రాజశేఖరం కోసం కలలు కన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. నువ్వు ‘మీరు’ని మరీ తక్కువ అంచనా వేశావు. మా ఆయన్ని నేను మీరు అనే అంటాను, మీరు అంటూనే ఉతికి ఆరేస్తాను. కోపం ముదిరితే ఇంకో మెట్టు ఎక్కి "తమరికి ఇప్పటికి తీరిక దొరికిందా" అంటాను. ఆయన మామూలుగా నన్ను నువ్వు అంటారు, ఎప్పుడైతే "మీ ఇష్టమండీ, మీరెలా చెబితే అలాగే" అన్నారో ఆ పూట పిల్లలు కూడా మా ఇద్దరి మధ్యకి రారు. నువ్వు చెప్పే సీరియళ్లలో అదీ లేదు. పోట్లాట అంటే అతని కేకలు, ఆమె ఏడుపు.

వ్యాఖ్య: మాది కరీంనగర్ దిక్కు. మా అమ్మ మా నాన్నను ఎన్నడూ మీరు అనలేదు. "ఏమయ్యా, తింటవా" అంటుంది, అంతే. మా చుట్టుపక్కల వ్యవసాయం చేసుకునే ఇళ్లల్లో ఎక్కువ ఇదే మాట, అందులో అగౌరవం ఉందని ఎవరూ అనుకోరు. కొన్ని జిల్లాల్లో కొన్ని ఇళ్ల మాట అచ్చులోకి ఎక్కి తెలుగు భార్యలందరి మాట అయి కూర్చుంది. నేను ఒక కథలో భార్యతో భర్తను నువ్వు అనిపిస్తే "హీరోయిన్‌కు సంస్కారం లేదు" అని కామెంట్లు పెట్టారు. అదే కథలో భర్త ఆమెను "ఏమే" అని పిలిస్తే ఒక్కరూ ఏమీ అనలేదు.

జవాబు: కరీంనగర్ అన్నా, ఆ కామెంట్లు పెట్టినవాళ్లలో సగం మంది ఇళ్లల్లో కూడా అమ్మలు అలాగే పిలుస్తూ ఉంటారు, కథలోకి రాగానే వాళ్లకి ‘ఏమండీ’ కావాలి. కథ తీసేయకండి, ఇక్కడ పెట్టండి, చదువుతాం. అమ్మగారూ, ‘తమరు’ దెబ్బ భలే చెప్పారు. నువ్వు అనే మనిషి కోపమొచ్చి ఉన్నట్టుండి మీరు అనేసే ఘట్టం ఉన్న ప్రేమ నవల ఏదైనా గుర్తుంటే పేరు చెప్పండి. ఈ పదేళ్లలో వచ్చినదైతే మరీ మంచిది, నాకు ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు.