"తప్పించుక తిరుగువాడు": దేన్ని తప్పించుకుని?

సుమతీ శతకంలోని ఈ కందం మనలో చాలామందికి నోటికి వచ్చిందే.

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ!

మా ఆఫీసులో దీన్ని వెటకారానికే వాడతారు. మీటింగులో ఎటూ తేల్చకుండా జారుకునేవాడిని చూసి "తప్పించుక తిరుగువాడు ధన్యుడు" అంటారు. ఈ పద్యం నేర్పేది గోడమీద పిల్లి వాటమేనని నేనూ ఇన్నాళ్లూ అనుకున్నాను.

పోయిన నెల బంధువుల గృహప్రవేశంలో మా పెద్దమ్మ కూతురితో, "ఏమనుకోకక్కా, మీవాడికి ఈసారి కూడా రాలేదటగా ఉద్యోగం?" అన్నాను. అందరి ముందూ. ఆవిడ ఓ నవ్వు నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పట్నించీ నేను ఫోన్ చెయ్యలేదు. ఆవిడ వస్తుందని తెలిసి ఒక పేరంటం కూడా ఎగ్గొట్టాను. దార్లో ఈ పద్యం గుర్తొచ్చి, "నేనూ తప్పించుకునే తిరుగుతున్నాగా" అని నవ్వుకోబోయాను, నవ్వు రాలేదు. ఇంటికొచ్చి పద్యాన్ని విడదీసి చూశాను.

మొదట "ప్రస్తుతము". మనకిప్పుడు ప్రస్తుతం అంటే ఈ సమయంలో అని. పద్యంలో అది కాదు, సందర్భానికి తగినది అని. ఆ పాత అర్థం "అప్రస్తుతం" అనే మాటలో ఇంకా బతికే ఉంది. "ఇక్కడ ఆ విషయం అప్రస్తుతం" అంటాం కదా. అలా చూస్తే మొదటి పాదం గాలివాటంగా మాట్లాడమని చెప్పడం లేదు. గృహప్రవేశంలో కొడుకు ఉద్యోగం సంగతి ఎత్తకు అంటోంది. నాకే తగిలింది.

తర్వాత "తప్పించుక". తప్పు అనే క్రియకు పక్కకు పోవడం, దూరం కావడం అని అర్థం. దారి తప్పాడు, గురి తప్పింది, మాట తప్పాడు. నామవాచకమైన తప్పు కూడా ఈ ఇంటిదే. ఇరుకు సందులో బండివాడు "తప్పుకోండి, తప్పుకోండి" అంటే మనం ఊరొదిలి పారిపోం. దెబ్బ తగలకుండా ఓ అడుగు పక్కకు వేస్తాం, అంతే. పద్యంలో దేన్ని తప్పించుకోవాలో కర్మ విడిగా చెప్పలేదు, కానీ ముందున్న పాదం నొప్పి గురించే. కాబట్టి తప్పించుకోవలసింది నొప్పినే, మనిషిని కాదని నాకు తోచింది. నేను సరిగ్గా తిరగేసి చేశాను. నొప్పించేశాక మనిషిని తప్పించుకున్నాను.

మీరేమంటారు?

*

మంచి చర్చ అండీ. మాది కరీంనగర్ వైపు. మీకు పద్యంలోనే కనబడే "నొవ్వు" మా ఇంట్లో రోజూ ఉంటది. "కడుపు నొస్తుంది", "తల నొస్తుంది" అనే అంటం. నొప్పి, నొప్పించు, నొచ్చుకొను, అన్నీ ఒక్క చెట్టు కొమ్మలే. ఒంటికైనా మనసుకైనా ఒకటే మాట.

*

బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. కన్నడంలో "నోవు" అంటే నొప్పి. "మనస్సిగె నోవాయ్తు" అంటే మనసు నొచ్చుకుంది అని. తమిళంలో "నోయ్" అంటే జబ్బు.

*

కొంచెం అడ్డు చెబుతాను, ఏమనుకోవద్దు. కందంలో ప్రాస నియమం ఉంది. ఎప్పటి, అప్పటి, నొప్పింపక అని రెండో అక్షరం "ప్ప"గా నడిచాక నాలుగో పాదంలో కూడా రెండో అక్షరం "ప్ప"గానే ఉండాలి. "తప్పించుక" అలా వచ్చి పడి ఉండొచ్చు. "ధన్యుడు"లోని ధకారానికి ముందు తకారం ఉంటే యతి కూడా కుదురుతుంది. అంత లోతుకు తవ్వాలా?

*

మాస్టారూ, ప్రాస సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒప్పు, చెప్పు, విప్పు లాంటి "ప్ప" మాటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిలోంచి కవి దీన్నే తీసుకున్నాడు. పైగా "తా నొవ్వక" ఒకటుంది. అర్థం చెప్పేటప్పుడు మనం ఎదుటివాళ్లను బాధపెట్టొద్దు అని మాత్రమే చెప్పి దాన్ని మింగేస్తాం. నొప్పింపక, నొవ్వక రెండూ వ్యతిరేక క్త్వార్థకాలే, అంటే "చెయ్యకుండా" అనే అర్థమిచ్చే రూపాలే, రెండిటికీ ఒకటే బరువు. ప్రతిదానికీ తల ఊపి ఇంటికొచ్చి కుమిలిపోయేవాడు కూడా ఈ లెక్కన ధన్యుడు కాడు.

అన్నట్టు, నిన్న రాత్రి అక్కకి ఫోన్ చేశాను. "నొచ్చుకున్నావా?" అంటే, "ఛ, అదెప్పుడో మర్చిపోయా" అంది. ఓ పావుగంట వాడి కోచింగ్ గురించీ మామిడికాయ పచ్చడి గురించీ మాట్లాడి, పెట్టేసే ముందు "అంతమంది ముందు అడక్కుండా ఉండాల్సిందిరా" అంది. ఏం చెప్పాలో తోచక "అవునక్కా" అన్నాను.

ఒక్క సందేహం మిగిలింది. "ఏమనుకోకు" అన్న తర్వాత మంచి మాట వచ్చినట్టు నాకైతే గుర్తు లేదు. మీ వైపు ఈ మాటకు బదులు ఇంకేమన్నా వాడతారా?