‘మిస్టర్ టిబ్స్’ తెలుగులో ఏమవుతాడు?

సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళకి ఒక ప్రశ్న. 1967లో వచ్చిన ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’లో మిసిసిపీ పోలీసు అధికారి, ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన నల్ల డిటెక్టివ్ పేరుని ఎగతాళి చేసి, అక్కడ నిన్నేమని పిలుస్తారని అడుగుతాడు. ఆ డిటెక్టివ్‌గా వేసిన సిడ్నీ పోయిటియర్ మండిపడి ‘దే కాల్ మీ మిస్టర్ టిబ్స్!’ అంటాడు. నేను ‘టిబ్స్ గారూ అంటారు!’ అని రాస్తే మా తమ్ముడు పడీపడీ నవ్వాడు. తన పేరుకి తానే గారు తగిలించుకున్నట్టుందట.

— తమ్ముడు నవ్వడం సబబే. మనకి ‘గారు’ ఎదుటివాళ్ళు ఇవ్వాల్సిందే. అందుకే బరువు ‘అక్కడ’ మీద వేయండి: ‘అక్కడ నన్ను టిబ్స్ గారూ అంటారు!’ ఇక్కడ మీరు అనరు అనే పోటు దానంతటదే వస్తుంది. ఆ పిలుపు కోసం కోర్టులకెక్కిన రోజులండీ అవి. 1963లో అలబామా కోర్టులో ప్రాసిక్యూటర్ ఉత్త ‘మేరీ’ అని పిలిస్తే, మిస్ హామిల్టన్ అంటే తప్ప పలకనంది మేరీ హామిల్టన్ అనే నల్ల మహిళ. ధిక్కారం కింద 5 రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా. 1964లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది.

— ‘గారు’ సరే, పోలీసాయన ప్రశ్నలో ‘బాయ్’ ఉంది, దాన్నేం చేశారు? ‘అబ్బాయ్’ అని మాత్రం రాయకండి, అందులో ముద్దుంది. ‘ఒరేయ్’ అనండి. మా ఊళ్ళో పదేళ్ళ పిల్లాడు అరవయ్యేళ్ళ పాలేరుని ‘ఏరా’ అనడం విన్నవాణ్ణి, నాకు ఇంక వేరే వివరణ అక్కర్లేదు. ఇంకో తమాషా. దక్షిణాది తెల్లవాళ్ళు వయసు మళ్ళిన నల్లవాళ్ళని ‘అంకుల్’, ‘ఆంటీ’ అనేవారు, మిస్టర్, మిసెస్ అనాల్సొస్తుందని! మనం మర్యాదకి వరస కలుపుతాం, వాళ్ళు మర్యాద ఎగ్గొట్టడానికి కలిపారు.

— అదే 1967లో వచ్చిన ‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’లో పోయిటియర్ డాక్టరు, తండ్రి రిటైరైన పోస్ట్‌మ్యాన్. ‘నువ్వు నిన్ను కలర్డ్ మనిషివనుకుంటావు, నేను మనిషిననుకుంటాను’ అంటాడు కొడుకు. ఆ ‘కలర్డ్’ని ‘నల్లజాతి’ అని రాసేస్తే పస పోతుంది. అది తండ్రి తరం మాట. ‘బ్లాక్’ అని తలెత్తి చెప్పుకోవడం కుర్రకారులో అప్పుడప్పుడే ఊపందుకుంటోంది, నల్లవాళ్ళ హక్కుల ఉద్యమ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్ ‘బ్లాక్ పవర్’ నినాదం 1966లోది. రెంటికీ ఒకే తెలుగు మాట వేస్తే తండ్రీకొడుకుల మధ్య దూరం కనబడదు. పైగా అక్కడ ‘మీరు’ పెట్టారో, డైలాగ్ చచ్చినట్టే. ‘నువ్వు మా నాన్నవి, నువ్వంటే నాకు ప్రేమ’ అని చెప్పాకే కదా ఆ మాటంటాడు!

— అందరికీ థాంక్సండీ. ‘ఒరేయ్’, ‘అక్కడ’ రెండూ తీసుకున్నాను. ‘కలర్డ్’ అలాగే ఉంచేస్తాను. ‘మిస్టర్’ కూడా ఉంచెయ్ అంటున్నాడు తమ్ముడు. ఎలా కుదురుతుంది? మన చెవికి అది ‘ఏం మిస్టర్, ఒళ్ళెలా ఉంది?’లో మిస్టర్ కదా.