మంచు కాలంలో పిల్లికి స్వెట్టర్ అల్లాలా, వద్దా?

సరస్సుగాలి

మేము అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఉంటాం. అమ్మ నరసాపురం నుంచి నవంబరులో వచ్చింది, మార్చి దాకా ఉంటుంది. ఈ ఊరి చలికాలం సంగతి ఇక్కడివాళ్ళకు తెలుసు. ఈరీ సరస్సు మీదుగా వచ్చే గాలి తేమంతా మోసుకొచ్చి ఊరి మీద మంచుగా దింపుతుంది. 2022 నవంబరులో మా పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో మూడు నాలుగు రోజుల్లోనే 80 అంగుళాల దాకా పడింది. ఈ ఏడు అంత లేదు గానీ, అమ్మ గుమ్మం దాటి పదిహేను రోజులైంది.

చేతిలో లేసు సూది, అదే క్రోషే కొక్కెం, లేకపోతే అమ్మకు పొద్దుపోదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జి.ఐ. ట్యాగ్) వచ్చిందని అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. అమ్మమ్మ రోజుల నుంచీ అరుగుల మీద కూర్చుని అల్లిన పని కదా. ఇక్కడికొచ్చాక ఊలు కొనిపించుకుంది. మా పిల్లి బూడిద రోజంతా హీటర్ గాలి వచ్చే చోటే ముడుచుకుని పడుకోవడం చూసి, "పాపం దీనికి చలేస్తోందే" అని వారం రోజులు కూర్చుని ఎర్ర స్వెట్టర్ అల్లింది. చాలా బాగా కుదిరింది.

తొడగ్గానే బూడిద పక్కకు ఒరిగిపోయింది. లేపి నిలబెడితే వెనక్కి వెనక్కి నడిచి సోఫా కిందకు దూరింది. మా ఆయన వెంటనే తీసేయమన్నారు. అమ్మేమో, "చంటిపిల్లలకు మొదటిసారి టోపీ పెడితే ఏడవరా? రెండు రోజుల్లో అలవాటవుతుంది" అంటోంది. ఇద్దరి మాటా నాకు నిజమేననిపిస్తోంది. ఒక ఎలుక బొమ్మ కూడా అల్లింది. జానెడు పొడుగు ఊలు తోక, పూసల కళ్ళు. బూడిదకు అది ప్రాణం.

పిల్లులు పెంచే వాళ్ళు, అల్లిక తెలిసిన వాళ్ళు మీ అభిప్రాయం చెప్పండి. అమ్మకు చదివి వినిపిస్తాను.

నున్నపిల్లి_టొరంటో

తొడగండి అనే చెప్తాను. మా ఇంట్లో ఉన్నది స్ఫింక్స్, ఒంటి మీద బొచ్చు ఉండదు. ఈ జాతి కథ మొదలైంది మా టొరంటోలోనే, 1966లో. మామూలు పిల్లికి బొచ్చులేని కూన పుట్టింది. మా దానికి అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా చొక్కా లేనిదే గడవదు. మొదటి వారం అదీ ఇలాగే ఒరిగిపోయింది. ఇప్పుడు చొక్కా చూపిస్తే తలే ముందుకు పెడుతుంది. ఆంటీ గారు చెప్పింది సరైన మాటే. రోజుకు పది నిమిషాల చొప్పున అలవాటు చేయండి.

మందుల_సంచి

తిరుపతిలో వెటర్నరీ చదివాను, ఇప్పుడు మిన్నెసోటాలో ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. స్వెట్టర్ సంగతి తర్వాత. ముందు ఆ ఎలుక బొమ్మను ఇప్పుడే లేచి బీరువాలో పెట్టండి. ఇది చదివి తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

పిల్లి నాలుక మీద ముళ్ళ లాంటివి ఉంటాయి, అన్నీ గొంతు వైపే తిరిగి ఉంటాయి. దారం ఒకసారి వాటికి తగులుకుంటే పిల్లి దాన్ని బయటికి ఊయలేదు, మింగడమే. ఒక కొస నాలుక మొదట్లోనో, జీర్ణాశయం చివరనో పట్టుకుపోతుంది. రెండో కొసను పేగు ముందుకు లాగుతూనే ఉంటుంది. లంగా బొందు లాగితే గుడ్డ కుచ్చెళ్ళుగా దగ్గరకొస్తుంది చూడండి, పేగు అలా దారం మీదకు ముడుచుకుపోతుంది. ఆ తర్వాత దారం పేగు గోడను కోసేస్తుంది. అప్పుడిక ఆపరేషనే.

ఇంకొక మాట. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే లాగకండి, కత్తిరించకండి. ఉన్నది ఉన్నట్టు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాంతులు, తిండి మానేయడం, మూలకు చేరి దాక్కోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు.

మెట్లకింద

సార్ చెప్పింది మా ఇంట్లో జరిగింది. ఊలు ఉండ సోఫా మీద వదిలేసి పడుకున్నాను. పొద్దున చూస్తే ఉండ ఉంది, పక్కన తెంపి పెట్టుకున్న మూరెడు ముక్క లేదు. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. పేగు రెండు చోట్ల కోయాల్సి వచ్చింది. బతికింది. ఆ రాత్రి ఆసుపత్రి కుర్చీలో కూర్చుని నేను పడిన టెన్షన్ ఎవరికీ వద్దు. ఊలుతో పిల్లి ఆడుకునే ఫొటోలు ఎక్కడ చూసినా ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

సరస్సుగాలి

బొమ్మ తీసేశాను. అమ్మ భయపడిపోయింది. పూసలు కూడా తనే ఊడదీసింది. ఇక బొమ్మలు అల్లనే కూడదా?

పాతఊలు

ఎందుకు కూడదు, అల్లొచ్చు. నేను డులూత్‌లో ఉంటూ పద్దెనిమిదేళ్ళుగా అల్లుతున్నాను, మా ఇంట్లో మూడు పిల్లులు. అమ్మగారి చేతిలో ఉన్న పని దీనికి బాగా పనికొస్తుందండీ. రెండు సూదుల అల్లిక సాగుతుంది, కన్నాలు విచ్చుకుంటాయి. లేసు సూదితో బిగువుగా అల్లితే కుట్టుకు కుట్టు గట్టిగా పట్టుకుంటుంది, గోరు దిగదు. ఊలు ఉండ చుట్టూ ఉండే కాగితం మీద రాసిన సైజు కన్నా సన్నని సూది వాడమనండి. లోపల పెట్టిన దూది వెలుతురులో కూడా కనపడకూడదు.

కళ్ళు పూసలతో కాకుండా దారంతోనే కుట్టి, కొస లోపలికి రెండు మూడు సార్లు తిప్పి దాచాలి. తోక ఊలు పోగుగా వదలకండి. వేలంత లావున అల్లి, రెండంగుళాలకు మించకుండా, ఒంటితో కలిపే అల్లేయాలి. లోపల తెగిన ఊలు ముక్కలు కుక్కకండి. చాలామంది చేసే తప్పు ఇదే, చినిగిన రోజున అదంతా పిల్లి నోట్లోకే పోతుంది.

అన్నిటికన్నా మంచిది ఫెల్ట్. నూరు శాతం గొర్రె ఊలుతో వదులుగా, పెద్దగా అల్లి, వేడినీళ్ళలో సబ్బేసి బాగా పిసకాలి. పోగులన్నీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని దళసరి ముద్దలా అవుతుంది. అందులో లాగడానికి పోగంటూ మిగలదు. ఆ కాగితం మీద సూపర్‌వాష్ (ఉతికినా ముద్దకట్టని ఊలు) అని ఉంటే మాత్రం అది ఫెల్ట్ అవదు. అక్రిలిక్ కూడా అవదు.

లోపల చెంచాడు ఎండు క్యాట్‌నిప్ ఆకు పెట్టి చూడండి, పిల్లులు ఇష్టపడే వాసన ఉన్న మొక్క అది. మూడింట రెండు వంతుల పిల్లులకే ఆ వాసన ఎక్కుతుంది, అది పుట్టుకతో వచ్చే గుణం. బూడిద పట్టించుకోకపోతే ఆకుదీ తప్పు కాదు, అమ్మగారిదీ కాదు.

ఇక స్వెట్టర్ విషయంలో నాది మీ ఆయన పక్షమే. ఆస్ట్రేలియాలో ఫిలిప్ ఐలాండ్ దగ్గర ఓడల నూనె పట్టిన పెంగ్విన్లకు అల్లిన స్వెట్టర్లు తొడిగేవారు. అది చలి కోసమే అనుకుంటారు చాలామంది. అసలు కారణం, ముక్కుతో ఈకలు సవరించుకుంటే నూనె కడుపులోకి పోతుందని. అంటే ఆ పని జరక్కుండా ఆపడానికే స్వెట్టర్ వేశారు. పిల్లి మేలుకుని ఉన్న సమయంలో చాలా భాగం ఒళ్ళు నాక్కోవడానికే పెడుతుంది. దాని బొచ్చు చక్కగా పరుచుకుని వెచ్చగా ఉండేది ఆ పని వల్లనే. ఒంట్లో జబ్బు లేని పిల్లికి మనం స్వెట్టర్ వేస్తే ఆపేది దాన్నే.

నున్నపిల్లి_టొరంటో

పాతఊలు గారూ, పెంగ్విన్ ఉదాహరణ నాకు కొత్త, ఒప్పుకుంటాను. కానీ 2017లో మథుర దగ్గర ఏనుగుల కేంద్రంలో ఊరి ఆడవాళ్ళు ఏనుగులకే స్వెట్టర్లు అల్లారు. అవి చలి కోసమే కదా. ఇంకో సంగతి. మన ఇళ్ళలో హీటర్ 20 డిగ్రీల దగ్గర పెడతాం. అది మనకు హాయి. పిల్లి ఒంటికి ఏ శ్రమా లేకుండా హాయిగా ఉండేది 30 డిగ్రీల పైన. మరి బూడిద హీటర్ దగ్గర పడుకుందంటే చలేసే కదా? ఆంటీ గారి కన్ను సరిగ్గానే పట్టింది.

మందుల_సంచి

30 డిగ్రీల మాట నిజమే. పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీలు, మనకన్నా ఎక్కువ, అందుకే వెచ్చటి చోటు వెతుక్కుంటుంది. అంత మాత్రాన అది చలికి బాధపడుతోందని కాదు. వెతుక్కోవడం దానికి చేతనైన పని. వేడెక్కితే లేచి చల్లటి నేల మీదకు పోతుంది. ఆ లేచిపోయే వీలే స్వెట్టర్‌లో లేదు, అది విప్పుకోలేదు.

ఏనుగుల సంగతి వేరండీ. వాటి చర్మం మీద వెంట్రుకలు పలచన. పైగా అక్కడున్నవి సర్కసుల నుంచీ భిక్షాటన నుంచీ విడిపించి తెచ్చిన ఏనుగులు. మీ స్ఫింక్స్ కూడా ఆ కోవలోదే, దానికి చొక్కా వేయడం నేను తప్పనను. ముసలితనంతో చిక్కిపోయిన పిల్లికి, ఆపరేషన్ అయి బొచ్చు గొరిగిన పిల్లికి కూడా కొన్నాళ్ళు వేయమంటాం. ఒంటి నిండా బొచ్చున్న బూడిదకు అవసరం లేదు.

ఒరిగిపోవడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చంటిపిల్ల ఏడిస్తే మనకు తెలుస్తుంది. పిల్లి భయపడితే చాలాసార్లు కదలకుండా పడిపోతుంది. అది నెమ్మదించింది అనుకుని సంబరపడతాం.

నున్నపిల్లి_టొరంటో

ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. మా దాని మొదటి వారం వీడియోలు ఇప్పుడే మళ్ళీ చూశాను. అప్పుడు మేమందరం నవ్వుకున్నాం. ఇప్పుడు చూస్తే అది చెవులు వెనక్కి పెట్టి, కళ్ళు పెద్దవి చేసి ఉంది. మా దానికి చొక్కా తప్పదు, అది మారదు. కానీ అలవాటు చేయడంలో నేను తొందరపడ్డాను.

ఎవరైనా స్ఫింక్స్‌కు అల్లేట్టయితే ఊలు వద్దు, చర్మం ఎర్రబడుతుంది, మెత్తటి నూలు వాడండి. మెడ దగ్గర రెండు వేళ్ళు దూరాలి. ముందు కాళ్ళ చంకలు బాగా వెడల్పుగా వదలాలి. ఒంటి జిడ్డంతా బట్టకు పడుతుంది, కనీసం వారానికోసారి ఉతకాలి. ఎవరూ ఇంట్లో లేనప్పుడు వేయొద్దు.

మెట్లకింద

మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద మూడు వీధి పిల్లులు ఉంటాయి. పక్కింటి ఆవిడ జాలిపడి వాటికి స్వెట్టర్లు వేస్తానంటున్నారు. ఆవిడ చెయ్యి ఎలా ఆపను?

మందుల_సంచి

ఈ చర్చ ఆవిడకు చూపించండి. బయట తిరిగే పిల్లికి స్వెట్టర్ వేయనే కూడదు. మంచులో తడిస్తే అదే ఒంటి వేడిని లాగేస్తుంది. కంచెకో కొమ్మకో తగులుకుంటే పిల్లి తప్పించుకోలేదు. పైగా మంచు కొరికేది చెవుల కొసలు, తోక, పాదాలు. స్వెట్టర్ కప్పేది ఇవేవీ కాదు.

మూతున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొని, లోపల నాలుగు వైపులా థర్మాకోల్ పెట్టండి. ఆరంగుళాల కన్నం చాలు. లోపల గోధుమ గడ్డి లాంటి గట్టి కాడల ఎండుగడ్డి వేయండి. పశువులు మేసే మెత్తటి గడ్డి, దుప్పట్లు వద్దు, అవి తేమ పీల్చి గడ్డకడతాయి. పెట్టె చిన్నదైతేనే పిల్లి ఒంటి వేడికి వెచ్చబడుతుంది. కింద రెండు ఇటుకలు పెట్టి నేలకు ఎత్తుగా ఉంచండి. తల్లి పిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, అందుకని పెట్టె పెట్టాక రోజూ చోటు మార్చకండి, లోపల చెయ్యి పెట్టి చూడకండి.

కారు తీసేముందు బానెట్ మీద గట్టిగా రెండు దెబ్బలు కొట్టమని అందరికీ చెప్పండి, ఇంజను వేడికి లోపల దూరతాయి. ఇంజను నీళ్ళు గడ్డకట్టకుండా కారులో పోసే యాంటీఫ్రీజ్ నేల మీద పడితే వెంటనే తుడవండి. పాదానికి అంటుకున్నంత నాకినా పిల్లి కిడ్నీలు పాడైపోతాయి.

సరస్సుగాలి

నిన్న రాత్రి ఇదంతా అమ్మకు చదివాను. పెంగ్విన్ల దగ్గర "మళ్ళీ చదువు" అంది. స్వెట్టర్ చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. వారం రోజుల పని కదా, నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. పొద్దున లేచేసరికి అంతా విప్పేసి మళ్ళీ ఉండ చుట్టి, మూత డబ్బాలో పెట్టేసింది. కిందపడిన పోగులు కూడా ఏరేసింది.

బూడిద ఎండ కోసం కూర్చునే కిటికీ గట్టు కొలిచింది. 26 అంగుళాల పొడుగు, 11 వెడల్పు. దాని మీదకు పరుపులా ఒకటి అల్లుతానంటోంది. నచ్చితే కూర్చుంటుంది, లేకపోతే దిగిపోతుంది, అది దాని ఇష్టం అంది. చుట్టూ నరసాపురం లేసు అంచు వేస్తే గోళ్ళు ఇరుక్కుంటాయా అని పాతఊలు గారిని అడగమంది.

పాతఊలు

ఇరుక్కుంటాయండీ. లేసు కన్నాల్లో గోరు పడిందంటే పిల్లి కంగారుగా గుంజుతుంది, వేలు బెణుకుతుంది. అంచు కూడా మధ్యలో అల్లినట్టే బిగువుగా అల్లమనండి. ఊలు రెండు పోగులు కలిపి అల్లితే పరుపు మందంగా వస్తుంది, కిటికీ చల్లదనం కిందనుంచి తగలదు. జారకుండా అడుగున రబ్బరు జాలీ ఒకటి వేయండి. కొలత చుట్టూ అరంగుళం తగ్గించుకుంటే గట్టు దాటి వేలాడదు.

సరస్సుగాలి

చెప్పాను. రెండు పోగులతో మొదలుపెట్టింది, నాలుగు వరసలయ్యాయి. బూడిద అవతలి గదిలో ఉంది, తలుపు వేసే అల్లుతోంది. లేసు అంచు నా జాకెట్టు చేతులకు వేస్తుందట.