911కు ఫోన్ చేసినందుకు ఇల్లు ఖాళీ చేయమంటున్నారు

సన్నజాజి:
ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉంటాను. ఆయన చేయి చేసుకున్నప్పుడు రెండు నెలల్లో మూడుసార్లు 911కు ఫోన్ చేశాను. మొన్న ఇంటి యజమాని ఒక నోటీసు చూపించాడు. పోలీసులు పదేపదే వస్తున్నారని ఊరి మునిసిపాలిటీవాళ్లు ఈ ఇంటిని ‘న్యూసెన్స్’ (ఊరికి బెడద) కింద రాశారట. ఇంకోసారి వస్తే జరిమానా అతనికి. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. దెబ్బలు తిన్నదీ నేనే, ఊరికి బెడదా నేనేనా? ఇలా ఇంకెవరికైనా జరిగిందా?

నిదానం:
జరిగిందండి. పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్‌లో నాలుగు నెలల్లో మూడుసార్లు పోలీసులు వస్తే యజమాని అద్దె లైసెన్సుకే ఎసరు. 2012లో అక్కడ ఒకామెను మాజీ ప్రియుడు గాజుపెంకుతో మెడలో పొడిచాడు. ఇల్లు పోతుందన్న భయంతో ఆమె పోలీసులను పిలవలేదు, పక్కింటివాళ్లు పిలిచారు. అయినా ఊరు ఆమెను ఖాళీ చేయించబోయింది. ఆమె కోర్టుకెక్కింది. 2014లో ఊరు 4,95,000 డాలర్లకు రాజీపడి, ఆ నిబంధనను ఎత్తేసింది.

రెండిళ్లవాడు:
తిట్టుకున్నా సరే, యజమానిగా ఒక మాట. నాకూ అలాంటి నోటీసు వచ్చింది. గొడవ ఆపడానికి ఏం చేశారో రాసివ్వమన్నారు. ‘ఖాళీ చేయించాను’ అని రాశాను, ఫైలు మూసేశారు. లోపల ఎవరు ఎవరిని కొడుతున్నారో వాళ్లు అడగలేదు, నేనూ అడగలేదు.

వానచినుకు:
మిల్వాకీలో 2008, 2009 నోటీసులను పరిశోధకులు తిరగేస్తే, దాదాపు మూడోవంతు గృహహింస వల్ల వచ్చినవేనని తేలింది. మీలాంటి యజమానులే ఎక్కువ.

సన్నజాజి గారూ, యజమాని నోటిమాటకు భయపడి సామాను సర్దకండి. బలవంతంగా పంపాలంటే కోర్టు ఉత్తర్వు ఉండాలి. 2022లో కేంద్ర చట్టం మారింది. కేంద్రం ఇచ్చే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ నిధులు తీసుకునే ఊళ్లు, ఇంటి నుంచి సాయం కోరినందుకు శిక్షించకూడదు. నోటీసు ఫోటో తీసుకుని లీగల్ ఎయిడ్‌కు (ఉచిత న్యాయసాయం ఇచ్చేవాళ్ల దగ్గరకు) వెళ్లండి. లీజులో మీ పేరుందా? మనవాళ్లలో చాలామందికి లీజూ వీసా రెండూ భర్త చేతిలోనే ఉంటాయి, అందుకే అడుగుతున్నాను.

సన్నజాజి:
ఉంది, రెండో వరుసలో. ఇంటిపేరు తప్పు రాశారు. లీగల్ ఎయిడ్‌వాళ్లు గురువారం రమ్మన్నారు. నిన్న రాత్రి మళ్లీ గొడవ. ఫోను పట్టుకుని స్నానాల గదిలో కూర్చున్నాను, చేయలేదు.

నిదానం:
ఈసారి చేయండమ్మా. ఎన్నోసారి అని లెక్కపెట్టవద్దు.