సైలోసైబిన్ సెషన్ కోసం మా బావగారు లిథియం ఆపేశారు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేం ఒరెగాన్‌లోని బీవర్టన్‌లో ఉంటాం. మా బావగారికి బైపోలార్ (మూడ్ విపరీతంగా మారే మానసిక జబ్బు) ఉంది, దానికి ఏళ్లుగా లిథియం మాత్రలు వాడుతున్నారు. ఇప్పుడు పోర్ట్‌లాండ్‌లో ఒక లైసెన్స్ ఉన్న సర్వీస్ సెంటర్‌కి వెళ్లి సైలోసైబిన్ (భ్రాంతులు కలిగించే పదార్థం) ఉన్న పుట్టగొడుగులు తీసుకుంటానని పట్టుబట్టారు.

ఇక్కడ 2020లో ఓటర్లు ఇలాంటి సెషన్లకి అనుమతిచ్చే మెజర్ 109 అనే చట్టాన్ని గెలిపించారు. 2023 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకి ఈ సేవ దొరుకుతోంది, డాక్టర్ చీటీ అక్కర్లేదు. సెషన్ అంతా చూసుకునే, లైసెన్స్ ఉన్న ఫెసిలిటేటర్ పక్కనే ఉంటారు గానీ, వాళ్లు డాక్టర్లే అయి ఉండాలని లేదు. గత 30 రోజుల్లో లిథియం వేసుకుంటే మాత్రం సెషన్‌కి ఒప్పుకోరు. రెండూ కలిస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఆ రూల్ మంచిదే.

నా టెన్షన్ అంతా అక్కడే. నిన్న ఆయన మందుల డబ్బా తెరిచి చూస్తే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏ గడిలో మాత్ర ఆ గడిలోనే ఉంది. అడిగితే "నెల రోజులు ఆపితే చాలు కదరా" అన్నారు. లిథియం ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెడుతుందని ఎంత చెప్పినా వినట్లేదు. అక్కకి ఇంకా తెలియదు.

ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ఉంటే చెప్పండి. ఆయన సైకియాట్రిస్ట్‌కి నేనే ఫోన్ చేయొచ్చా? సెంటర్‌వాళ్లకి ముందే చెబితే పట్టించుకుంటారా? ఆయన హెచ్1బి మీద ఉన్నారు, ఫెడరల్ చట్టంలో సైలోసైబిన్ ఇంకా షెడ్యూల్ 1లోనే, అంటే అత్యంత కఠినంగా నిషేధించిన డ్రగ్స్ జాబితాలోనే ఉంది. వీసా విషయంలో లాయర్‌ని అడిగినవాళ్లెవరైనా ఉన్నారా?